మీ పేరాయన

నేను చేటలో కందిపప్పు పోసుకొని మట్టిబెడ్డలు ఏరుతుంటే మా మరిది కోటేశ్వర్లు వంటింటి గడప దగ్గర నిలబడి, "వదినా, శని ఆదివారాలు కుస్తీలుండాయి. మైకులో చెప్పేదానికి మాటలు కావాల," అన్నాడు.

అడగడానికి మొహమాటపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. కాగితం, పెన్సిలు మాత్రం చేత పట్టుకొనే వచ్చాడు. "అన్న ఉన్నప్పుడు అన్న రాసుకునేటోడు. ఆయన పద్ధతి నీకు తెలుసు గదా. అదే మాదిరి నాలుగు మాటలు చెప్పినావంటే నేను రాసుకుంటా. నువ్వు లేవబాకు వదినా, నీ పని కానియ్యి."

నీ పని కానియ్యి అనే మాట ఈ ఇంట్లో నాకు కొత్త కాదు. దయగానే అంటారు. మా ఆయన కూడా అలాగే అనేవారు. మార్కాపురంలో మా మామగారిది పలకల దుకాణం. మామగారు కాలం చేశాక మా ఆయన అందులో సగం ఖాళీ చేయించి మైక్‌సెట్టు పెట్టారు. సినిమా మారినా, తిరునాళ్ళ వచ్చినా, ఎలక్షన్లు వచ్చినా మల్లయ్య జట్కా మీద లౌడ్‌స్పీకరు కట్టుకొని ఊరంతా తిరిగి చెప్పేవారు. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనవి కుస్తీలు. ఏడాదికోసారి గుంటూరు నుంచి రాజరత్నం అనే కాంట్రాక్టరు వస్తాదులను లారీలో ఎక్కించుకొని వచ్చి, హైస్కూలు వెనక మైదానంలో తడికలు కట్టి, శని ఆదివారాలు రెండు రాత్రులు ఆడించి వెళ్ళేవాడు. ఆ రాత్రుల కోసం ఊరికి ముందుగా ఆశ పుట్టించడం మా ఆయన పని. ఆయన నోట్లో సరస్వతి ఉందని బజారు అనేది. ఆ సరస్వతి చేతులకు ఆ సమయంలో జొన్నపిండి అంటుకొని ఉండేది. నేను రొట్టెలు తడుతూ మాటలు చెబుతుంటే ఆయన పీట మీద కూర్చుని రాసుకునేవారు. రాత ఆయనది కాబట్టి కాగితం చూసినవాళ్ళకు మాటలు కూడా ఆయనవే. కోటేశ్వర్లు కూడా అంతే అనుకున్నాడు. వదిన బడిలో పంతులమ్మ గనుక అన్న ఆమెకు వినిపించి తప్పులు దిద్దించుకునేవాడని అతని ఊహ.

ఆయనకు మాత్రం తెలుసు. "నీ మాట, నా గొంతు. సరికి సరి," అనేవారు. ఆ సరికి సరి మా వంటింటి గడప దాటి ఎన్నడూ బయటికి పోలేదు. ఒకసారి నేనే అడిగాను, ఆ మాటలు నేను చెప్పినవని ఎవరితోనైనా అనకూడదా అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "కుస్తీల మాటలు ఆడోళ్ళు చెప్పినారంటే ఎవురన్నా టిక్కెట్టు కొంటారా?" అన్నారు. అంతలోనే నా ముఖం చూసి, లేచి కుండలో మజ్జిగ తనే పోసుకున్నారు. తప్పు మాట్లాడానని తోస్తే ఆయన చేసే పని అదే, తన మజ్జిగ తనే పోసుకోవడం. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. ఆ గ్లాసు చూసి నేనే అర్థం చేసుకునేదాన్ని.

నేను ఒక్క కుస్తీ కూడా చూడలేదు. ఆ మైదానంలోకి ఆడవాళ్ళు వెళ్ళేవారు కాదు. ఆయన ఆట చూసి వచ్చి, మర్నాడు పొద్దున వంటింట్లో బియ్యం గోతాన్ని ప్రత్యర్థిగా పెట్టుకొని, ఎవరు ఎవరిని ఎలా పడేశారో నాకు ఆడి చూపించేవారు. చాలాసార్లు గోతమే గెలిచేది. ఎవరు గెలవాలో రాజరత్నం ముందే తేల్చి పెడతాడట కదా, ఇక చూసేదేముంది అని నేనంటే, "హరికథలో రాముడు గెలుస్తాడని తెలీకనే పోతున్నామా?" అనేవారు. కోపం వచ్చేది కాదు ఆయనకు, ఆ ఆట మీద ఎవరేమన్నా.

ఆశ్వయుజంలో కామెర్లతో ఆయన పోయారు. మా వైపు ఊరికి వెళ్ళినా 'పోయినాడు' అంటారు, చనిపోయినా 'పోయినాడు' అంటారు. బడిలో ఏ పిల్లయినా "మా నాయన గిద్దలూరు పోయినాడు పంతులమ్మా" అంటే నేను ఆగి, ఎప్పుడొస్తాడు అని అడుగుతున్నాను ఈ మధ్య. వస్తాడని వింటే గాని తర్వాతి పాఠానికి వెళ్ళలేను. పిల్లలకు ఇది అలవాటైంది. ఇప్పుడు అడగకముందే, "పోయినాడు, రేపొస్తాడు" అని రెండూ కలిపి చెబుతున్నారు.

"రాసుకో," అన్నాను కోటేశ్వర్లుతో.

శనివారం రాత్రి కంభం మస్తాన్‌కూ బెజవాడ భద్రానికీ పోటీ. "మస్తాన్ కంభం చెరువుకట్ట లాంటివాడు. అలలు ఎంత కొట్టినా కట్ట జరగదు. భద్రం దోర్నాల ఘాట్లో బ్రేకు తప్పిన లారీ. ఆ లారీ వచ్చి ఈ కట్టకు గుద్దుకుంటే ఏమవుతుందో మీ కళ్ళతో మీరే చూడండి." కోటేశ్వర్లు రాస్తూ రాస్తూ నవ్వాడు. "అన్న చెప్పినట్టే ఉంది వదినా," అన్నాడు. నేను చేటను ఒకసారి చెరిగి పొట్టు బయటికి పోనిచ్చాను.

ఆదివారం మొదటి ఆట జర్మనీ గోల్డ్‌మన్‌ది. ఈయన గుంతకల్లు రైల్వే కాలనీ మనిషి. తెల్లగా ఉంటాడు, ఆకలేస్తే చక్కని తెలుగులో అన్నం అడుగుతాడు. 'జర్మనీ నుంచి విమానంలో దిగిన' అని చెప్పాలని రాజరత్నం పట్టుబట్టేవాడు. పిల్లలకు అబద్ధమాడవద్దని చెప్పే నేను అలా చెప్పలేకపోయాను. ఈ మాట మీద నేనూ మా ఆయనా పొయ్యి ఆరిపోయేదాకా వాదించుకున్నాం. చివరికి 'జర్మనీ గోల్డ్‌మన్ అని పేరుపడిన' అనే మాట దొరికింది. ఆ పేరు పడిన మాట నిజమే కదా. ఆయన పీట మీద నుంచి లేచి, "పంతులమ్మ దొంగతనం చేసినా రసీదు రాసిచ్చి చేస్తాది," అని నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చి, ఏరిన పప్పునే మళ్ళీ మొదటి నుంచి ఏరాను. కోటేశ్వర్లు తొందరపెట్టలేదు. అతను మంచివాడు.

ఆఖరి ఆట బెల్టుకు. ఆంధ్రప్రదేశ్ వచ్చాక పోటీ పేరు మారింది గాని బెల్టు మారలేదు. పాత బిళ్ళ మీద 'ఆంధ్ర' అని పెద్ద అక్షరాలుంటే, కింద సందులో 'ప్రదేశ్' అని ఇరికించి చెక్కించారు. బెల్టు పెట్టుకున్నవాడు పొట్ట బిగబడితే గాని ఆ చిన్న అక్షరాలు కనబడవని మా ఆయన అనేవారు. ఈ ఏడు దానికోసం తలపడేది ముసుగు మనిషీ, గిద్దలూరు వస్తాదూ. ముసుగు మనిషి ఓడితే ముఖం చూపించాలి. అది పందెం. గిద్దలూరు వస్తాదు మా ప్రాంతపు మనిషి, ఊరికి ముద్దుబిడ్డ. ఆయన పేరూ మా ఆయన పేరూ ఒకటే.

మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నాకు చెప్పి పంపింది. అత్తవారింట్లో అడుగు పెట్టిన రోజు గడపకు అడ్డం నిలబడి పేరు చెప్పమని ఆడబిడ్డలు అడిగితే పెదవులు కదిపాను. విన్నామని వాళ్ళు దారి వదిలారు. ఆ తర్వాత ఎవరు అడిగినా పక్కనున్నవాళ్ళు అందించారు. అందుకని కుస్తీల మాటల్లో గిద్దలూరాయన వచ్చినప్పుడల్లా నేను 'మీ పేరాయన' అనేదాన్ని. మా ఆయనకు అది పెద్ద వేడుక.

"నా పేరాయన అంటే ఎట్ల? ఆయనకూ ఒక పేరుంది గదా. రాసుకోవద్దా?"

"మీకు తెలుసుగా. రాసుకోండి."

"మర్చిపోయినా. 'ఉ'తో మొదలైతుందా?"

"అవును."

"ఉప్మానా?"

"రొట్టె మాడుతోంది, రాయండి."

"ఉల్లిగడ్డా? గిద్దలూరు ఉల్లిగడ్డ అని రాసుకుంటా మరి. రేపు ఆయన వచ్చి నన్ను ఎత్తి పడేస్తే నీదే పాపం."

నేను చెప్పలేదు. ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, 'ఇదిగో' అనేవారు. ఊరికి పంతులమ్మను, మరిదికి వదినను, అత్తగారికి కోడలిని. వసుంధర అనే మాట బడి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు. అప్పుడు అది లోటుగా అనిపించలేదు. ఇంట్లో పేర్లు పలికేది మా అత్తగారు సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే. కొడుకును సగం పేరుతో పిలిచేది కాదు. దీర్ఘాలు తీసి, పెద్ద బజారు చివర దుకాణంలో ఉన్నవాడికి వినబడేలా మొత్తం పేరు పిలిచేది. ఆశ్వయుజం తర్వాత ఆమె కూడా మానేసింది.

"ముసుగు మనిషిని ఎదుర్కొనేది గిద్దలూరు వాస్తవ్యుడు, మీ అన్న పేరాయన," అని చెప్పాను కోటేశ్వర్లుకు. "రాచర్ల బీళ్ళలో గొర్రెలు కాస్తూ తోడేలును వట్టి చేతులతో తరిమినవాడు."

పెన్సిలు ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. అతను తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అతనేం రాసుకున్నాడో చూడలేదు.

మర్నాడు శుక్రవారం. నేను మూడో తరగతికి తెలుగు చెబుతున్నాను. జట్కా బడి వీధిలోకి వచ్చింది. బ్యాటరీ గరగర, తర్వాత కోటేశ్వర్లు గొంతు. ఆ లౌడ్‌స్పీకరులోంచి ఇంకో గొంతు రావడం నేను మొదటిసారి వినడం అది. చాక్‌పీసు కింద పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. చెరువుకట్ట అయింది, లారీ అయింది, పేరుపడిన గోల్డ్‌మన్ అయింది. కోటేశ్వర్లు పాఠం అప్పజెప్పినట్టు చదువుతున్నా మాటలు నిలబడ్డాయి. "ఆదివారం రాత్రి ఆఖరి పోటీ! ముసుగు మనిషిని ఎదుర్కొనబోయేది గిద్దలూరు వాస్తవ్యుడు..." అని ఆగిపోయాడు. గుర్రం గిట్టలు వినబడ్డాయి. అప్పుడు లౌడ్‌స్పీకరు గట్టిగా చెప్పింది. "మా అన్న పేరాయన!"

వీధిలో ఎవరో పకపకా నవ్వారు. మా తరగతిలో ఒక పిల్ల లేచి, "ఎవురి అన్న పంతులమ్మా?" అని అడిగింది. కూర్చోమన్నాను. జట్కా ముందుకు పోయింది, తర్వాతి సందులోనూ అదే చెప్పింది, దాని తర్వాతి సందులోనూ అదే. మధ్యాహ్నానికి టీ కొట్ల దగ్గర కుర్రకారు "మా అన్న పేరాయనకీ జై" అని అరుచుకుంటున్నారని మా హెడ్మాస్టరుగారు స్టాఫు గదిలో చెప్పి నవ్వారు. "ఏమనుకోవద్దమ్మా, మీవారు ఉన్నప్పటి ప్రచారం వేరు. ఆ భాషే వేరు," అని కూడా అన్నారు. జనవరి ఇరవై ఆరున హెడ్మాస్టరుగారు జెండా కింద చదివిన ఉపన్యాసం నేను రాసిచ్చినదే. నేనే చదువుతానని ఆ రోజు అడిగితే, "రాయడం మీకు బాగా వచ్చు. చదవడం నేను చదువుతా. ఆడగొంతు మూడో వరుస దాటదమ్మా," అన్నారు. ఆయనా చెడ్డవారు కాదు. పాఠశాలకు ఇన్స్పెక్టరు వస్తే నా తరగతికే ముందు తీసుకువస్తారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధి గుమ్మం ముందు పెద్ద చెప్పుల జత ఉంది. నేను పెరటి దారిన వెళ్ళి, నా వంటి స్థితిలో ఉన్న ఆడది నిలబడవలసిన చోట, వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. ముందుగదిలో కుర్చీ మీద రాజరత్నం, చాప మీద మా అత్తగారు. ఆమెకు కొంచెం దూరంగా, కుర్చీ విరుగుతుందని కాబోలు, నేల మీద మోకాళ్ళు దగ్గరికి తీసుకొని గిద్దలూరాయన కూర్చుని ఉన్నాడు. అంత మనిషీ ఇంట్లో చోటు తక్కువ తీసుకోవాలని ప్రయత్నం చేస్తున్నట్టున్నాడు.

"మీ మీద కోపం కాదండీ కోటేశ్వర్లుగారూ," అంటున్నాడు రాజరత్నం. "బెల్టు ఫైటుకే పేరు లేకుండా పోయిందండీ. ఊరంతా నవ్వుతున్నారండీ. గిద్దలూరు నుంచి ఇంకో మైకు పిలిపించమని మావాళ్ళు అంటున్నారు. ఇన్నేళ్ళ మాట, మనసొప్పక ఇటొచ్చానండీ."

"నాకు రాలేదు సార్," అన్నాడు కోటేశ్వర్లు. "నోటి కాడికి వచ్చినాది, ఆడ్నే నిలబడిపోయినాది. జనం చూస్తాండారు. ఏం చేయాల్నో తెలీక కాయితం చూసినా. దాంట్లో ఉండేదే చదివినా. ప్రతి సందులో అట్లనే అయింది."

గిద్దలూరాయన గొంతు సవరించుకున్నాడు. "పోనీలేన్నా. నా పేరు తీసెయ్యండి. గిద్దలూరు పులి అనండి, సాలు. ఈ ఇంటోళ్ళు ఆ పేరు పలకలేరు, నాకు తెలీదా? ఈ తూరి పేరు లేకుండానే ఆడతా." తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, "అన్న నా పేరు మైకులో చెప్తాంటే నాకే బయమేసేదమ్మా, ఎవుడబ్బా ఈడు ఇంత మొనగాడు అని. ఏం మాటలమ్మా అన్నవి!" అన్నాడు.

"ఆ మాటలు వాడివి గాదు నాయనా," అంది మా అత్తగారు.

నేను తలుపు పట్టుకున్నాను.

"వాడికి మాటలు యాడియి? పద్యం అప్పజెప్పమంటే పలక వదిలేసి పారిపోయినోడు. ఆ మాటలు మా కోడలివి. పొయ్యి కాడ కూచోని ఆ పిల్ల చెప్పేది, వాడు రాసుకునేటోడు. గోడకు ఇవతల నేను ఇంటానే ఉంటి."

కోటేశ్వర్లు నోరు తెరిచి తలుపు వైపు చూశాడు. రాజరత్నం కూడా చూశాడు. "అలాగా అండీ?" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, "ఎవరివైనా మంచి మాటలండీ. అయితే గిద్దలూరు పులి అని ఖాయం చేసుకుందామాండీ?" అన్నాడు. కోటేశ్వర్లు తల ఊపాడు. బరువు దిగినట్టు ముఖం తేటపడింది.

నాకు అతని మీద గాని, గిద్దలూరాయన మీద గాని కోపం రాలేదు. అందరూ నన్ను బాధపెట్టకూడదనే చూస్తున్నారు. ఆయన పోయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఆ పేరును ఇలాగే, దయతోనే తీసేస్తూ వచ్చారు. దుకాణం బోర్డుకు రంగు వేయించినప్పుడు ఆ పేరు మీద కూడా వేయించారు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వదిన చూసి బాధపడుతుందని. ఇంటికి వచ్చిన చుట్టాలు 'అబ్బాయి' అన్నారు, 'ఆ మనిషి' అన్నారు. ఆఖరికి 'అతను' దగ్గరికి వచ్చారు. నేను భయంతో ఆయన పేరు పలకలేదు. వాళ్ళు జాలితో పలకడం లేదు. ఇప్పుడు ఊళ్ళో ఆ పేరు ఒంటి మీద ఉన్న ఒకే ఒక మనిషి, నా కోసం దాన్ని చొక్కాలా విప్పి పక్కన పెడతానంటున్నాడు. ఆ పేరుకు ఆదివారం కూడా దక్కకపోతే ఇక అది ఎక్కడ ఉంటుంది? ఎవరి నోట్లో ఉంటుంది? పలకకుండా నేను దాచిపెట్టిన ఆయుష్షు ఏమైందని నన్ను నేను చాలాసార్లు అడిగాను ఈ నెలల్లో. ఎవరూ జవాబు చెప్పే ప్రశ్న కాదది. కాని పేరు సంగతి వేరు. అది ఇంకా పోలేదు. పోనివ్వకుండా ఉండడం నా చేతిలో ఉంది.

నేను ముందుగదిలోకి వచ్చాను. రాజరత్నం కుర్చీలోంచి లేచాడు.

"వద్దు నాయనా," అన్నాను గిద్దలూరాయనతో. "ముసుగు వేసుకునేది అవతలి మనిషి. నువ్వెందుకు వేసుకోవడం? నీ పేరు నువ్వుంచుకో. మైకులో నేను చెబుతాను."

"వదినా!" అన్నాడు కోటేశ్వర్లు. "జట్కా ఎక్కుతావా? పెద్ద బజార్లో చిన్నాయనోళ్ళు ఏమనుకుంటారు? ఇంకా ఏడాది కూడా తిరగలా."

"నువ్వు బ్యాటరీ చూసుకో. మిగిలింది నేను చూసుకుంటా."

"అది గాదు వదినా. ఆ పేరు... నీ నోటితో..."

ముగ్గురు మగవాళ్ళూ మా అత్తగారి వైపు చూశారు. ఆమె నా వైపు చూడలేదు. "పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదనే గదా ఆ కట్టడి," అంది నెమ్మదిగా. "ఇంగ తగ్గేదానికి ఏముండాది?" అని, కొంగుతో చాప మీద దుమ్ము దులిపింది. చాప మీద దుమ్ము లేదు. "పోనీ. పొద్దు గూకకముందే పొమ్మను. దారిలో గొంతెండితే తాగేదానికి చెంబుతో నీళ్ళు పెట్టుకోమను."

రాజరత్నం చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచాడు. ఆడగొంతుకు టిక్కెట్లు తెగుతాయా అని లోపల లెక్క వేసుకుంటున్నాడనుకుంటాను. బయటికి వెళ్ళబోతూ గిద్దలూరాయన గుమ్మంలో వంగి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఒగ మాట. ఆ తోడేలు సంగతి."

"చెప్పు నాయనా."

"అది తోడేలు గాదమ్మా. ఊరకుక్క. సీకట్లో తోడేలనుకొని తరుముకున్నా. అన్నకు అప్పుడే చెప్పినా. ఉండనీలే, పంతులమ్మకు తెలిస్తే ఆ మాట కొట్టేస్తాది అన్నాడు."

నాకు నవ్వు వచ్చింది. ఆశ్వయుజం తర్వాత ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు. అంతకాలం నాకు తెలియకుండా ఆయన వంటింట్లోంచి ఒక అబద్ధం బయటికి దాటించారు. పైగా దాని కోసం నాకు భయపడ్డారు. "అయితే అదీ దిద్దాలి," అన్నాను.

మల్లయ్య జట్కా పైకప్పు మీద లౌడ్‌స్పీకరు కట్టి ఉంది. నేను వెనక వైపు కూర్చున్నాను, తెల్లచీర కొంగు భుజం నిండా కప్పుకొని. కోటేశ్వర్లు కాళ్ళ దగ్గర బ్యాటరీ పట్టుకొని కూర్చుని మైకు నా చేతికి ఇచ్చాడు. నేననుకున్న దానికన్నా బరువుగా ఉంది. మాటలన్నీ నావే కాబట్టి కాగితం తీసుకోలేదు. బడి వీధి మలుపులో మొదలుపెట్టాను. మొదటి రెండు వాక్యాలు వణికాయి. చెరువుకట్ట దగ్గరికి వచ్చేసరికి నిలదొక్కుకున్నాను. లారీ దగ్గర ఎవరో ఈల వేశారు. అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. హెడ్మాస్టరుగారు మూడో వరుసకు చాలా అవతల, కిళ్ళీ దుకాణం దగ్గర, చేతిలో ఆకు అలాగే పట్టుకొని వింటున్నారు.

"ఆదివారం రాత్రి ఆఖరి పోటీ. ముసుగు మనిషిని ఎదుర్కొనబోయేది గిద్దలూరు వాస్తవ్యుడు..."

కోటేశ్వర్లు ఆగిన చోటే నేనూ ఆగాను. మల్లయ్య గుర్రాన్ని నిలిపేశాడు. వీధి ఎదురుచూస్తోంది. కోటేశ్వర్లు తల వంచుకొని బ్యాటరీ తీగను అనవసరంగా బిగిస్తున్నాడు. పెదవులతో పలికే అక్షరాలను ఓష్ఠ్యాలంటారని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ పేరు మొదలే ఓష్ఠ్యం. మొదటి అక్షరానికి పెదవులు ముందుకు వస్తాయి. తర్వాత వెంటవెంటనే రెండుసార్లు కలుసుకొని విడిపోతాయి. అంత చిన్న పని.

"ఉమామహేశ్వర్లు," అన్నాను.

లౌడ్‌స్పీకరు దాన్ని ఇళ్ళ మీదుగా తీసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అది ఎంత పొడవైన పేరో నాకు అప్పటిదాకా తెలియదు. చాలాసేపు నోట్లో ఉండే పేరు.

"పేరు దొరికిందిరో!" అని ఒక కుర్రవాడు అరిచాడు. జనం నవ్వారు. నేను ఆ నవ్వు కాస్త తగ్గేదాకా ఆగి, మళ్ళీ చెప్పాను, ఈసారి వణకకుండా. "గిద్దలూరు ఉమామహేశ్వర్లు! రాచర్ల బీళ్ళలో, చీకట్లో, ఊరకుక్కను తోడేలనుకొని వట్టి చేతులతో తరిమినవాడు. అది తోడేలైనా తరిమేవాడే!" ఈసారి ఈలలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. కోటేశ్వర్లు బ్యాటరీని కావలించుకొని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు.

వీధి చివరికి వచ్చాక మల్లయ్య పగ్గాలు బిగించి వెనక్కి తిరిగాడు. "అమ్మా, పెద్ద బజారు తప్పిచ్చి సుట్టుదారిన పోదునా? ఆడ మీ ఇల్లుండాది. అత్తమ్మ ఇంటాది. మీ పెద్దోళ్ళ దుకాణాలన్నీ ఆడ్నే ఉండాయి. మీకు ఇబ్బంది."

"లేదు మల్లయ్యా. పెద్ద బజారు మీదుగానే పోనీ," అన్నాను. "అక్కడ నిదానంగా తోలు."